నవాగత విద్యార్థి – ఆంగ్ల తరగతిగది: బోధనావ్యూహాల విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

అమెరికా పాఠశాలల్లో ఆంగ్లం నేర్చుకుంటున్న విద్యార్థులకు, ఆ దేశానికి కొత్తగా వచ్చిన వలస కుటుంబాల పిల్లలకు బోధించే పద్ధతులపై గత యాభై ఏళ్లలో విస్తారమైన చర్చ జరిగింది. ఆ చర్చలో తరచుగా సూచించే తరగతిగది వ్యూహాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. పాఠంలోని భాషాభారాన్ని తగ్గించడం, ఆలోచనాభారాన్ని తగ్గించడం వేరువేరు పనులని, ఆ రెంటినీ ఒకటిగా భావించినప్పుడు మంచి వ్యూహాలు కూడా విద్యార్థికి నష్టం కలిగిస్తాయని ప్రతిపాదిస్తుంది. తెలుగు మాతృభాషగా గల నవాగత విద్యార్థిని ఉదాహరణగా స్వీకరించి ఈ ప్రతిపాదనను వివరిస్తుంది.

కీలకపదాలు: నవాగత విద్యార్థులు, ఆంగ్లభాషాభ్యసనం, బోధనావ్యూహాలు, మాతృభాష, వ్యతిరేకీ భాషాశాస్త్రం, తెలుగు.

1. ఉపోద్ఘాతం

1974 జనవరి 21న అమెరికా సుప్రీంకోర్టు లౌ వర్సెస్ నికోల్స్ కేసులో తీర్పు చెప్పింది. అప్పటికి శాన్‌ఫ్రాన్సిస్కో ప్రభుత్వ పాఠశాలల్లో ఆంగ్లం రాని చైనా సంతతి విద్యార్థులు 2,800 మందికి పైగా ఉండగా, వారిలో దాదాపు 1,800 మందికి భాషాపరమైన సహాయం ఏదీ అందడం లేదు. అందరికీ ఒకే పుస్తకం, ఒకే ఉపాధ్యాయుడు, ఒకే పాఠ్యప్రణాళిక ఉన్నంత మాత్రాన సమానత్వం సిద్ధించదని, బోధనభాష అర్థంకాని పిల్లలకు చదువే అందనట్లని న్యాయస్థానం అభిప్రాయపడింది. 1964 నాటి పౌరహక్కుల చట్టం ఆ తీర్పుకు ఆధారం. 1982లో ప్లైలర్ వర్సెస్ డో కేసులో వెలువడిన తీర్పు, వలసపత్రాలు లేని పిల్లలకు కూడా ప్రభుత్వ పాఠశాల విద్యను నిరాకరించరాదని స్పష్టం చేసింది.

అయితే తరగతిగదిలో ఏ పద్ధతిని అనుసరించాలో లౌ తీర్పు నిర్దేశించలేదు. ఆంగ్లం నేర్పడం ఒక మార్గమని, పిల్లల సొంత భాషలో బోధించడం మరొక మార్గమని, ఇతర మార్గాలూ ఉండవచ్చునని చెప్పి నిర్ణయాన్ని విద్యావేత్తలకు వదిలిపెట్టింది. ఆ తర్వాత వచ్చిన బోధనావ్యూహాల సాహిత్యమంతా ఒక విధంగా ఈ ప్రశ్నకు సమాధానం వెతికే ప్రయత్నమే. ఆ సమాధానాల బలాబలాలను విచారించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

2. పరిశీలనకు కొలబద్ద

టెక్సాస్‌లోని రేమండ్‌విల్ పాఠశాలల వ్యవహారంలో, 1981లో కాస్టనేడా వర్సెస్ పికార్డ్ కేసు విచారించిన ఐదవ సర్క్యూట్ అప్పీలు న్యాయస్థానం మూడు ప్రశ్నలను రూపొందించింది. కార్యక్రమం నమ్మదగిన విద్యాసిద్ధాంతంపై ఆధారపడి ఉందా? ఆ సిద్ధాంతాన్ని అమలు చేయడానికి తగిన వనరులు, ఉపాధ్యాయులు ఉన్నారా? కొంతకాలం గడిచాక భాషాపరమైన అడ్డంకులు నిజంగా తొలగుతున్నాయా?

ఈ ప్రశ్నలు పాఠశాలల కార్యక్రమాలను తూచడానికి ఏర్పడినవి. వీటిని ఒక్క పాఠానికి అన్వయిస్తే మూడవ ప్రశ్న కీలకమవుతుంది. ఆ పాఠం ముగిసేసరికి నవాగత విద్యార్థి తన వయసుకు, తరగతికి తగిన ఆలోచన చేయగలిగాడా అన్నదే ఇక్కడ ఫలితానికి గుర్తు. విద్యార్థి మౌనంగా కూర్చోలేదనో, కాగితం నింపి ఇచ్చాడనో సంతృప్తిపడటానికి వీలులేదు.

3. సరళీకరణ: ప్రయోజనం, పరిమితి

స్టీఫెన్ క్రాషెన్ 1980లలో ప్రచారంలోకి తెచ్చిన సిద్ధాంతం ప్రకారం, విద్యార్థికి ఇప్పుడున్న స్థాయికి కాస్త పైన ఉండి, అర్థమయ్యే భాషను వినడం, చదవడం వల్ల భాష అలవడుతుంది. భయం, సిగ్గు ఈ ప్రక్రియకు అడ్డుపడతాయి. నెమ్మదిగా, స్పష్టంగా మాట్లాడటం, బొమ్మలు, వస్తువులు, హావభావాలు ఉపయోగించడం, తొలిరోజుల మౌనాన్ని గౌరవించడం వంటి వ్యూహాలకు ఈ ఆలోచన బలం చేకూర్చింది. ఆజ్ఞను విని శరీరంతో స్పందించే జేమ్స్ ఆషర్ పద్ధతి కూడా ఈ కోవలోనిదే. తొలివారాల్లో వీటి విలువను కాదనలేము.

వీటి పరిమితిని కెనడాలోని ఫ్రెంచి ఇమర్షన్ తరగతుల అనుభవం చూపింది. ఏళ్ల తరబడి ఫ్రెంచిలో పాఠాలు విన్న పిల్లలు భాషను బాగానే గ్రహించినా, మాట్లాడటంలో, రాయడంలో ఫ్రెంచి మాతృభాషగా గలవారి కంటే వెనుకబడి ఉన్నారని మెరిల్ స్వెయిన్ గుర్తించారు. విద్యార్థి తానే వాక్యం నిర్మించుకునే అవసరం కలిగినప్పుడే భాషలోని లోతుపాతులు అతని దృష్టికి వస్తాయని 1985లో ప్రతిపాదించారు. కాబట్టి బొమ్మకూ మాటకూ గీత కలిపే అభ్యాసాలతోనే నెలలు గడిపే తరగతి, సిద్ధాంతపరంగానే అసంపూర్ణం.

జానా ఎచెవారియా, మేరీఎలెన్ వోట్, డెబొరా షార్ట్ రూపొందించిన షెల్టర్డ్ ఇన్‌స్ట్రక్షన్ నమూనా ఈ లోపాన్ని కొంత సరిదిద్దింది. ప్రతి పాఠానికి విషయలక్ష్యాన్ని, భాషాలక్ష్యాన్ని విడివిడిగా నిర్ణయించుకోవాలని అది కోరుతుంది. ఈ విభజన దాని ముఖ్యమైన బలం. ఎనిమిది విభాగాల్లో 30 లక్షణాలుగా విస్తరించిన దాని స్వరూపంలోనే ఒక ప్రమాదం కూడా ఉంది. పరిశీలకుడు జాబితాలోని అంశాలన్నిటికీ గుర్తు పెట్టగలిగినా, పాఠంలో అడిగిన ప్రశ్న మాత్రం పసితరగతి స్థాయిలో ఉండిపోవచ్చు.

డేవిడ్ వుడ్, జెరోమ్ బ్రూనర్, గెయిల్ రాస్ 1976లో నేర్పేవారి సహాయాన్ని స్కాఫోల్డింగ్‌తో పోల్చారు. మేస్త్రి కట్టే సారవ గోడ పైవరుసలను అందుకోవడానికి ఉపకరిస్తుంది. సారవ ఉంది కనుక గోడ ఎత్తు తగ్గించాలని ఎవరూ అనుకోరు. తరగతిగదిలో మాత్రం సహాయం పేరిట గోడనే కురచ చేయడం తరచుగా జరిగే పొరపాటు. పద్నాలుగేళ్ల విద్యార్థి చేతికి ఐదేళ్ల పిల్లల బొమ్మల పుస్తకం ఇవ్వడం ఇందుకు నిదర్శనం.

4. కాలపరిమితి సమస్య

జిమ్ కమిన్స్ 1979లో నిత్యసంభాషణకు చాలే భాషానైపుణ్యాన్ని, చదువుకు అవసరమయ్యే భాషానైపుణ్యాన్ని వేరుచేసి చూపారు. టొరంటోలోని వలస విద్యార్థుల సమాచారం ఆధారంగా, సంభాషణభాష సుమారు రెండేళ్లలో పట్టుబడినా, చదువు భాషలో తోటివారిని అందుకోవడానికి ఐదు నుంచి ఏడేళ్లు పడుతుందని 1981లో పేర్కొన్నారు. ఆటస్థలంలో ధారాళంగా మాట్లాడే పిల్లవాడు విజ్ఞానశాస్త్ర పాఠంలో తడబడితే, దానిని బద్ధకంగానో మందబుద్ధిగానో భావించే ఉపాధ్యాయునికి ఈ విభజన ఒక హెచ్చరిక.

అయినా 1998లో కాలిఫోర్నియా ఓటర్లు ఆమోదించిన ప్రతిపాదన 227, ఆంగ్లం రాని పిల్లలకు ప్రత్యేక బోధన సాధారణంగా ఒక ఏడాదికి మించరాదని నిర్దేశించింది. 2016లో ప్రతిపాదన 58 ద్వారా ఆ నిర్బంధాలను అదే రాష్ట్రం తొలగించింది. కాస్టనేడా మొదటి ప్రశ్నతో తూచితే, 227లోని గడువుకు అప్పటికే అందుబాటులో ఉన్న పరిశోధన మద్దతు ఇవ్వదు.

కమిన్స్ విభజనపైనా విమర్శ ఉన్నది. చదువు భాష ఉన్నతమైనదని, ఇంటిభాష తక్కువదని ధ్వనించేలా దీనిని అన్వయిస్తున్నారని, పరీక్షలు రాసే నేర్పునే భాషానైపుణ్యంగా పొరబడుతున్నారని కొందరు పరిశోధకులు ఆక్షేపించారు. ఈ ఆక్షేపణలో న్యాయం ఉంది. అందువల్ల ఈ విభజనను విద్యార్థిపై వేసే ముద్రగా వాడరాదు. ఉపాధ్యాయుడు ఎంతకాలం సహాయం కొనసాగించాలో చెప్పే సూచికగా మాత్రమే గ్రహించాలి.

5. మాతృభాష: ఊతమా, వనరా?

తెలుగులో విజ్ఞానశాస్త్రం చదివి వచ్చిన విద్యార్థిని ఊహించుకుందాం. అతనికి ‘ఫొటోసింథసిస్’ అనే మాట కొత్త. కిరణజన్య సంయోగక్రియ తెలుసు. కిరణాల వల్ల జరిగే కలయిక అని ఆ తెలుగు మాటే విప్పి చెబుతుంది. ఆంగ్లపదంలోని గ్రీకు మూలాలకు కూడా కాంతి, కూర్పు అనే అర్థాలే ఉన్నాయి. అదేవిధంగా ‘ట్రిగొనామెట్రీ’కి త్రికోణమితి దాదాపు అవయవానికి అవయవంగా సరిపోతుంది. ‘ట్రయాంగిల్’ మూడు కోణాలను చెబితే త్రిభుజం మూడు భుజాలను చెబుతుంది. ఒకే ఆకృతిని రెండు భాషలు రెండు లక్షణాలతో గుర్తించాయన్న ఎరుక రేఖాగణితంలో ఒక పాఠమే.

ఇప్పుడు రెండు వ్యూహాలను పోల్చవచ్చు. మొదటి దానిలో నవాగత విద్యార్థికి మొక్క బొమ్మ ఇచ్చి వేరు, కాండం, ఆకు అనే ఆంగ్లపదాలు అతికించమంటారు. రెండవ దానిలో, చీకటిలో ఉంచిన మొక్క ఆకును, ఎండలో ఉంచిన మొక్క ఆకును అయోడిన్‌తో పరీక్షించి, రెండవది నీలినలుపు రంగుకు మారడానికి కారణం అడుగుతారు. విద్యార్థి ముందుగా తెలుగులో రాసుకోవచ్చు, తెలుగు తెలిసిన తోటివాడు ఉంటే చర్చించవచ్చు. ఆపై కార్యకారణ సంబంధాన్ని తెలిపే ఆంగ్ల వాక్యచట్రాల సహాయంతో నివేదిక రాస్తాడు. మొదటి వ్యూహం భాషతోపాటు ఆలోచనను కూడా తగ్గించింది. రెండవది భాషాభారాన్ని పంచి, ప్రశ్నను యథాతథంగా నిలిపింది.

వేల్స్‌లో సెన్ విలియమ్స్ ప్రతిపాదించి, తరువాత ఒఫీలియా గార్సియా విస్తరించిన ట్రాన్స్‌లాంగ్వేజింగ్ భావన ఈ రెండవ వ్యూహానికి సైద్ధాంతిక బలం ఇస్తుంది. తరగతిలో పది భాషల పిల్లలుంటే, వాటిలో ఏదీ రాని ఉపాధ్యాయుడు ఏం చేయగలడన్నది సహజమైన ఆక్షేపణ. ఉపాధ్యాయుడు ఆ భాషలన్నీ నేర్వనక్కర్లేదు. విద్యార్థి తన భాషలో ఆలోచించడానికి సమయాన్ని, అనుమతిని ఇవ్వడం, ఫలితాన్ని ఆంగ్లంలో అడగడం అతని పని. అయితే తెలుగు తెలిసిన మరో విద్యార్థి లేనిచోట, పదకోశం అందనిచోట ఈ వ్యూహం బలహీనపడుతుందన్నదీ ఒప్పుకోవాలి. కాస్టనేడా రెండవ ప్రశ్న, అంటే వనరుల ప్రశ్న, ఇక్కడ ఎదురవుతుంది.

6. దోషాన్ని చదవడం

‘హి ఈజ్ ఎ డాక్టర్’ అనవలసిన చోట తెలుగు విద్యార్థి ‘హి డాక్టర్’ అని రాస్తే అది అజాగ్రత్త కాకపోవచ్చు. ‘ఆయన వైద్యుడు’ అనే తెలుగు వాక్యానికి క్రియాపదం అవసరం లేదు. ఆంగ్లంలోని ‘ఎ’, ‘ది’ ఉపపదాలకు తెలుగులో సరైన సమానార్థకాలు లేవు. విభక్తి నామవాచకం తరువాత వస్తుంది, క్రియ వాక్యాంతంలో నిలుస్తుంది. ప్రశ్నకు పదాల క్రమం మారదు, ‘వచ్చావా’లో వలె చివర దీర్ఘం చేరుతుంది. మరోవైపు మనం, మేము అనే భేదాన్ని పాటించే విద్యార్థికి ఆంగ్లంలోని ఒక్క ‘వి’ అస్పష్టంగా తోస్తుంది. ఈ దోషాల వెనుక ఒక సంపూర్ణ వ్యాకరణం పనిచేస్తున్నదని గుర్తించిన ఉపాధ్యాయుడు దిద్దే తీరే మారుతుంది.

ఈ గుర్తింపు లోపించినప్పుడు ఎంత నష్టం జరుగుతుందో 1970 నాటి డయానా కేసు తెలిపింది. కాలిఫోర్నియాలో స్పానిష్ మాట్లాడే పిల్లలను ఆంగ్లంలో జరిపిన బుద్ధిపరీక్షల ఆధారంగా మానసిక వైకల్యం గలవారి తరగతుల్లో చేర్చారు. పిల్లలను వారి ఇంటిభాషలో పరీక్షించాలన్న ఒప్పందంతో ఆ వ్యాజ్యం పరిష్కారమైంది. భాషలేమిని బుద్ధిలేమిగా చదివితే ఒక జీవితమే దారి తప్పుతుంది.

తెలుగు పిల్లల్లో ఆంగ్లమాధ్యమంలో చదివి వచ్చినవారూ ఉన్నారు కనుక ఈ చర్చ వారికి వర్తించదని అనుకోవచ్చు. వారి చిక్కులు మరో రకమైనవి. లక్షను 1,00,000 అని రాసే విద్యార్థి 100,000 దగ్గర ఆగుతాడు. కిలోగ్రాములు, సెంటీమీటర్లు తెలిసినవాడు పౌండ్లు, అంగుళాల లెక్కలో తప్పుతాడు. నెల ముందు, తేదీ తరువాత వచ్చే వరుస తికమకపెడుతుంది. పెద్దల ఎదుట చూపు దించుకోవడం మర్యాదగా నేర్చిన పిల్లవాడి మౌనం అశ్రద్ధగా కనిపించవచ్చు.

7. నవాగతులందరూ ఒకటి కాదు

స్వదేశంలో క్రమంగా చదివిన విద్యార్థికి కావలసింది తెలిసిన విషయానికి ఆంగ్లపు పేరు. యుద్ధం వల్లనో శరణార్థి శిబిరాల వల్లనో చదువు మధ్యలో ఆగిన విద్యార్థికి అక్షరాస్యత, విషయజ్ఞానం, ఆంగ్లం మూడూ ఏకకాలంలో కావాలి. ఇద్దరికీ ఒకే అభ్యాసపత్రం ఇచ్చే వ్యూహం ఒకరిని అవమానిస్తుంది, మరొకరిని విడిచిపెడుతుంది.

ఈ తేడాను ఎదుర్కొన్న ప్రయత్నాల్లో, న్యూయార్క్‌లోని లాగ్వార్డియా కమ్యూనిటీ కళాశాలలో 1985లో ప్రారంభమైన ఇంటర్నేషనల్ హైస్కూలు గమనించదగినది. వేర్వేరు భాషాస్థాయుల విద్యార్థులు బృందాలుగా ప్రాజెక్టులు చేస్తారు. తమలో తాము మాతృభాష వాడుకుంటారు. గణితం, విజ్ఞానశాస్త్రం చెప్పేవారు కూడా తమను భాషోపాధ్యాయులుగా భావిస్తారు. ఆంగ్లం వచ్చాకే విషయం చెప్పాలన్న క్రమాన్ని ఈ నమూనా తిరస్కరించింది.

8. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి. బొమ్మలు, నిదానమైన ఉచ్చారణ, వాక్యచట్రాలు, బృందకార్యాలు వాటంతట అవి మంచివీ చెడ్డవీ కావు. అవి ప్రశ్నను అందుబాటులోకి తెస్తున్నాయా, ప్రశ్నను తొలగిస్తున్నాయా అన్నదే వాటి విలువను నిర్ణయిస్తుంది. దీర్ఘకాలిక సహాయం, మాతృభాషకు చోటు, దోషాలను వ్యాకరణదృష్టితో చదవడం ఈ విచక్షణకు తోడ్పడతాయి.

ఈ విషయంలో తెలుగు పరిశోధకులకూ కర్తవ్యం ఉన్నది. భద్రిరాజు కృష్ణమూర్తి, జె.పి.ఎల్. గ్విన్ 1985లో వెలువరించిన ఆధునిక తెలుగు వ్యాకరణం, తెలుగు అకాడమి పారిభాషిక పదకోశాలు మనకు ఆధారాలుగా ఉన్నాయి. వాటి నుంచి తెలుగు రాని విదేశీ ఉపాధ్యాయునికి ఉపకరించే చిన్న చేతిపుస్తకాలను, పాఠ్యాంశాల వారీ ద్విభాషా పదపట్టికలను తయారుచేయవచ్చు. తెలుగు మాధ్యమం నుంచి డిగ్రీ ఆంగ్లమాధ్యమానికి మారిన మన విద్యార్థి మొదటి సంవత్సరంలో పడే ఇబ్బంది స్వభావరీత్యా దీనికి దగ్గరిదే. అతనికి పాఠం సులభం చేస్తున్నామనుకుంటూ నోట్సు చదివించి కంఠస్థం చేయించే కళాశాల అధ్యాపకులకు కూడా ఈ కొలబద్ద వర్తిస్తుంది.