పథేర్ పాంచాలి: వీడియో ప్రతులు, పాఠభేదాలు

ఒక కావ్యానికి నాలుగు తాళపత్ర ప్రతులు దొరికితే పరిష్కర్త ముందుగా వాటిని పక్కపక్కన పెట్టి చూస్తాడు. ఏది పాతది, ఏది శిథిలం, ఎక్కడ లేఖకుడు తడబడ్డాడు అని విచారించిన తరువాతే కవి గురించి మాట్లాడతాడు. సి.పి. బ్రౌన్ 1829లో వేమన పద్యాలు అచ్చువేయడానికి ముందు పండితుల చేత చేయించిన పని ఇదే. సినిమా దగ్గరకు వచ్చేసరికి ఈ జాగ్రత్త మనకు అలవాటు కాలేదు. "పథేర్ పాంచాలి చూశాను" అంటాడు విద్యార్థి. ఏ ప్రతి చూశావని అడిగేవారు లేరు. "నెమ్మదిగా నడుస్తుంది, చీకటిగా ఉంటుంది, మాట సరిగా వినపడదు" అని పరీక్షలో రాస్తాడు. ఈ మూడు దోషాలలో సత్యజిత్ రాయ్‌వి ఎన్ని, ప్రతి తయారుచేసినవారివి ఎన్ని అన్నది ఈ వ్యాసంలో మా ప్రశ్న.

బిభూతిభూషణ్ బందోపాధ్యాయ నవల 1929లో పుస్తకంగా వచ్చింది. రాయ్ చిత్రం 1955లో విడుదలైంది. 1956లో కాన్ ఉత్సవంలో దానికి ఉత్తమ మానవీయ పత్రంగా బహుమతి వచ్చింది. ఇదంతా తెలిసిన సంగతే. మూల నెగటివ్‌కు పట్టిన గతి మాత్రం చాలామందికి తెలియదు. 1992లో రాయ్‌కు గౌరవ ఆస్కార్ ఇచ్చే సందర్భంలో ఆయన చిత్రాల నుంచి చూపదగిన ముక్కలు దొరకడమే కష్టమైంది. ఆ తరువాత చిత్రాలను బాగుచేసే ప్రయత్నంలో నెగటివ్‌లు లండన్‌లోని హెండర్సన్ ల్యాబొరేటరీకి చేరాయి. 1993 జులైలో అక్కడ అగ్నిప్రమాదం జరిగింది. కాలిన రీళ్ళను పారేయకుండా అమెరికన్ అకాడమీ భద్రపరచింది. ఇరవై ఏళ్ళ తరువాత, 2013లో, క్రైటీరియన్ సంస్థ వాటిని బయటికి తీయించి ఇటలీలోని బొలోన్యా నగరంలో ఉన్న లిమ్మాజినే రిత్రొవాతా ప్రయోగశాలకు పంపింది. అక్కడివారు ఎండి బిగుసుకుపోయిన ఫిల్మును ద్రావణంతో మెత్తబరచి, అంటిన జిగురును, మైనాన్ని గీకి, అంచుల రంధ్రాలను మళ్ళీ కట్టి, దాదాపు వెయ్యి గంటలు చేతులతో పనిచేశారు. చివరకు పథేర్ పాంచాలిలో 40 శాతం భాగం మూల నెగటివ్ నుంచే వచ్చింది. మిగిలినది వేరువేరు భాండాగారాలలో ఉన్న నకలు నెగటివ్‌ల నుంచి, మాస్టర్ ప్రింట్ల నుంచి తీసుకున్నారు. అంటే 2015లో వచ్చిన బ్లూరే ఒకే ప్రతికి నకలు కాదు. అనేక ప్రతుల నుంచి కూర్చిన పరిష్కృత పాఠం.

దీనికి ముందువి రెండు తరాలు. మొదటిది వీడియో క్యాసెట్ల తరం, మా తరగతి గదుల తరం. రెండవది డీవీడీల తరం. 1995లో అమెరికాలో పునర్విడుదలైన ప్రింట్ల తరువాత అక్కడ కొలంబియా ట్రైస్టార్ సంస్థ 2003లో డీవీడీ తెచ్చింది. బ్రిటన్‌లో ఆర్టిఫిషియల్ ఐ సంస్థ వేరే డీవీడీ తెచ్చింది.

బొమ్మ సంగతి ముందు చూద్దాం. అపు, దుర్గ రెల్లుపూల చేలో రైలు చూసే ఘట్టం అందరికీ గుర్తుండేది. 1952 అక్టోబరులో రాయ్ చిత్రీకరణ మొదలుపెట్టినది ఈ ఘట్టంతోనే. వారం తరువాత తిరిగివెళ్ళేసరికి పూలన్నిటినీ పశువులు మేసేశాయి. మళ్ళీ పూలు పూసేదాకా ఏడాది ఆగి మిగిలినది తీశారు. పువ్వు తెలుపు కోసం అంత ఓపికపట్టిన దర్శకుని చిత్రం మేము చూపిన క్యాసెట్టులో ఎలా ఉండేది? చేను మొత్తం సున్నం వేసిన గోడ. పువ్వుకూ పువ్వుకూ మధ్య తేడా లేదు. పైగా ఆ తెలుపు మీదే తెల్లని సబ్‌టైటిళ్ళు ముద్రపడి ఉండేవి. కీలకమైన చోట చదవడానికేమీ మిగలలేదు. డీవీడీలో కంకులు కంకులుగా విడివడ్డాయి కాని గీతలు, మచ్చలు, అదురు ఉన్నాయి. బ్లూరేలో మాత్రమే గాలి ఎటునుంచి వీస్తున్నదో తెలుస్తుంది. రైలు పొగ నలుపు ఆ తెలుపు మీదికి పాకడం ఒక సంఘటనగా కనపడుతుంది.

ఇంతకంటె మమ్మల్ని కదిలించినది చిన్నది. చివరలో అపు, చనిపోయిన అక్క దాచిన దొంగ హారాన్ని చెరువులోకి విసిరేస్తాడు. నాచు విడివడి, మళ్ళీ మూసుకుంటుంది. అక్క తప్పును నీళ్ళు దాచుకున్నాయి. మాట ఒక్కటీ లేదు. క్యాసెట్టులో నాచూ నీళ్ళూ ఒకే బూడిదరంగు. హారం పడింది, అంతే. "వాడు దాన్నెందుకు పారేశాడు?" అని ఒక విద్యార్థి అడిగితే మేము ఉపన్యాసం ఇవ్వవలసివచ్చింది. బ్లూరే వేసిన ఏడు ఎవరూ అడగలేదు.

అయితే పరిష్కృత పాఠానికి ఉండే ఇబ్బంది దీనికీ ఉంది. ఓపికగా చూస్తే కొన్ని షాట్లలో రేణువు సన్నగా, కొన్నింటిలో ముతకగా ఉంటుంది. మూలం నుంచి వచ్చినది ఏదో, నకలు నుంచి వచ్చినది ఏదో షాటు షాటుకూ డిస్కు చెప్పదు. మంచి పరిష్కర్త అడుగున పాఠాంతరం చూపిస్తాడు. సినిమావారు అంతా నునుపుచేసి ఇస్తారు. ఇది మా ఫిర్యాదు. కాని దీనికోసం పాత డీవీడీయే మేలనేవారితో మేము ఏకీభవించము. గీతలను ప్రామాణికత అనుకోవడం చెదపురుగును లేఖకుడనుకోవడం వంటిది.

ఇక వేగం. మనలో చాలామంది గమనించని పాఠభేదం ఇదే. సినిమా సెకనుకు 24 చట్రాలతో నడుస్తుంది. మన దేశంలోను, బ్రిటన్‌లోను టెలివిజన్ పాటించిన పాల్ పద్ధతి సెకనుకు 25 చట్రాలది. ఆ ఒక్క చట్రం కోసం చిత్రాన్ని 4 శాతం వేగంగా నడిపేవారు. 125 నిమిషాల పథేర్ పాంచాలి 120 నిమిషాలకు కుదించుకుపోతుంది. అట్టమీద రాసిన నిడివి చూసి కొందరు అయిదు నిమిషాలు కత్తిరించారనుకుంటారు. ఏదీ కత్తిరించలేదు, తొందరపెట్టారు. అమెరికా పద్ధతి వేరు. అక్కడ కొన్ని చట్రాలను రెండుసార్లు చూపి సర్దుకుంటారు కనుక నిడివి దాదాపు మారదు. నెమ్మదిగా ఉందని మన విద్యార్థులు విసుక్కున్న చిత్రం, నిజానికి వారు చూసినది, రాయ్ తీసినదానికంటె వేగంగా నడిచినది!

వేగం పెరిగితే, విడిగా సరిచేయకపోతే, శ్రుతి కూడా పెరుగుతుంది. ఎంత? అర్ధస్వరంలో పదింట ఏడు పాళ్ళు. మన పాటకచేరీ భాషలో చెప్పాలంటే అర కట్టెకు కొంచెం తక్కువ. మామూలు సంభాషణలో ఇది చెవికి తగలదు. కాని హరిహర్ ఊరినుంచి తిరిగివచ్చి, కూతురు పోయిందని తెలియక, ఆమెకు తెచ్చిన చీర భార్య చేతిలో పెట్టే ఘట్టం చూడండి. సర్బజయ నోరు తెరుస్తుంది. ఏడుపు వినపడదు. దాని స్థానంలో తార్ షెహనాయ్ పై స్థాయిలో పట్‌దీప్ రాగం పలుకుతుంది. రవిశంకర్ సంగీతం, వాయించినది దక్షిణామోహన్ ఠాగూర్. తార్ షెహనాయ్ ఊదే వాద్యం కాదు, కమానుతో వాయించే తంత్రీవాద్యం. ఒక తల్లి గొంతు ఉండవలసిన చోట దానిని పెట్టినప్పుడు, ఆ గొంతుకు దగ్గరగా ఉండడమే దాని బలం. పైకి జరిగిన శ్రుతిలో, అరిగిన ధ్వనిలో అది కీచుమంటుంది. మా తరగతిలో ఒకసారి నవ్వు వినిపించింది కూడా. నవ్వినవారిని మేము కోప్పడ్డాము. ఇప్పుడైతే కోప్పడము.

ధ్వనిలో ఇంకొకటి. రైలుకు ముందు పిల్లలు టెలిగ్రాఫ్ స్తంభానికి చెవి ఆనించి తీగల రొద వింటారు. క్యాసెట్టులో టేపు రొద ముందు ఆ రొద వేరుగా వినపడే ప్రశ్నే లేదు.

మా రంగం భాషాశాస్త్రం కనుక సబ్‌టైటిళ్ళ దగ్గర ఎక్కువసేపు ఆగుతాము. ఈ విషయంలో బ్లూరే ఏమంత గొప్పది కాదు. అక్షరాలు శుభ్రంగా ఉన్నాయి, వద్దనుకుంటే తీసేయవచ్చు. కాని ఉన్నది ఇంగ్లీషు. ఇంగ్లీషులో బంధువాచకాలు ఎంత కరవో మనకు తెలుసు. దుర్గ ముసలి ఇందిర్ ఠాక్రున్‌ను "పిషి" అంటుంది. పిషి అంటే తండ్రి తోబుట్టువు. ఇంగ్లీషుకు ఉన్నది ఒకటే "ఆంటీ". దానిలో మేనత్త, పిన్ని, పెద్దమ్మ, పొరుగింటావిడ అందరూ పడతారు. ఆ పాత్ర వేసిన చునీబాలా దేవికి అప్పటికి దాదాపు ఎనభై ఏళ్ళు. మన విద్యార్థులు ఆమెను నాయనమ్మ అనుకుంటారు, సర్బజయకు అత్తగారనుకుంటారు. అప్పుడు సర్బజయ కసురుళ్ళు కోడలి క్రూరత్వంగా కనపడతాయి. కాని ఇందిర్ హరిహర్‌కు దూరపు వరుసలో అక్క. వారిద్దరిదీ వదినా మరదళ్ళ పోరు. వంటింట్లో నూనె, ఉప్పు ఎవరివన్న పోరు. తిండికి చాలని ఇంటిలో, భర్త తరఫు బంధువును పోషించవలసివచ్చిన మరదలి కడుపుమంట అది. "ఆంటీ" అన్న ఒక్క మాట ఈ నైతిక సమస్యను మొత్తం మార్చేస్తుంది.

సర్వనామం మరొకటి. బెంగాలీలో తుయి, తుమి, ఆప్‌ని అని మూడు మెట్లు. ఇంగ్లీషులో ఒకటే. ఒడిశాలో చదివే మన పిల్లలకు తు, తుమె, ఆపణ తెలుసు కనుక చెవితోనే పట్టుకుంటారు. తక్కినవారు నువ్వు, మీరు అనే రెండు మెట్లతో సరిపెట్టుకోవాలి. అపు తనకంటె పెద్దదైన అక్కను "దీదీ" అంటూనే "తుయి" అంటాడు. గౌరవం పిలుపులో, చనువు సర్వనామంలో. తెలుగు దీనిని సర్వనామంతో కాక "రావే, చూడవే" అన్న క్రియాంతంతో చేస్తుంది. అది ఇంగ్లీషుకు లేని సదుపాయం.

అందుకని మేము విద్యార్థుల చేత కొన్ని ఘట్టాలకు తెలుగు సబ్‌టైటిళ్ళు రాయించాము. చాలా పాఠాలకంటె ఇది ఎక్కువ నేర్పింది. "పిషి"కి మేనత్త అన్నారు. సరే. కాని మేనత్తను "మేనత్తా" అని ఎవరూ పిలవరు, "అత్తా" అంటారు. ఆ పిలుపుతో పాటు తెలుగులో మేనమామ భార్య, భార్య తల్లి, భర్త తల్లి కూడా వస్తారు. తమిళ అత్తై, కన్నడ అత్తె దగ్గరా దాదాపు ఇదే పేచీ. మేనరికం ఉన్న సమాజపు మాట ఇది. బెంగాలీ పిషికి ఆ నీడ లేదు. సోలాపూర్ నుంచి వచ్చిన విద్యార్థి మరాఠీ "ఆత్యా" బాగుంటుందన్నాడు. బరంపురం అమ్మాయి ఒడియా "పివుసీ" ఉండగా ఇంకేమి కావాలన్నది. చివరకు "పిషి"ని అలాగే ఉంచి, మొదటిసారి మాత్రం "పిషి అత్త" అని రాశారు. అది మాకు నచ్చలేదు, కాని అంతకంటె మంచిది మేమూ చెప్పలేకపోయాము.

డిస్కు కొనదలచినవారికి ఒక్క మాట. క్రైటీరియన్ బ్లూరే "ఎ" ప్రాంతానికి చెందినది, మన దేశం "సి" ప్రాంతంలో ఉంది. మామూలు ప్లేయరులో అది తిరగదు. అన్ని ప్రాంతాలవీ తిప్పే ప్లేయరు ఉందో లేదో గ్రంథాలయంలో ముందే కనుక్కోండి. ఏ ప్రతి వేసినా టెలివిజన్ పక్కలకు సాగదీయకుండా చూడండి. ఈ చిత్రం చట్రం దాదాపు చతురస్రం, వెడల్పు ఎత్తుకు 1.37 రెట్లు మాత్రమే. కొత్త తెరలు దానిని లాగి, దుర్గ ముఖాన్ని గుమ్మడికాయ చేస్తాయి. రెండు పక్కలా నల్లని పట్టీలు కనపడితేనే సరిగా ఉన్నట్టు.

తెలుగు సబ్‌టైటిళ్ళ పని ఇంకా సాగుతున్నది. "దీదీ" దగ్గర ప్రస్తుతం ఆగింది. అక్క అని రాస్తే చాలుననుకున్నాము. బరంపురం అమ్మాయి తమ ఇంట "అప్ప" అంటారని, దుర్గ వంటి పిల్లను "అక్క" అంటే పుస్తకంలా ఉంటుందని పట్టుబట్టింది. చెన్నై, బెంగుళూరుల నుంచి వచ్చినవారు ఒప్పుకోలేదు. అపు దుర్గ వెంట "అప్పా, అప్పా" అంటూ పరుగెడితే తమ ఊళ్ళలో అందరూ వాడు తండ్రి కోసం వెతుకుతున్నాడనుకుంటారట.