చావు చవకైన వీరగాథ

మార్వెల్ స్టూడియో వారి వీరచిత్రాలంటే జనానికి మొహం మొత్తిందని సినిమా విమర్శకులు కొంతకాలంగా రాస్తున్నారు. చిత్రాల సంఖ్య పెరిగిపోవడమే ఇందుకు కారణమని వారి తీర్మానం. ఈ తీర్మానం పైపైన చేసింది. మన భారతం పద్ధెనిమిది పర్వాలు. ఎవరికీ మొహం మొత్తలేదు. పదమూడోనాటి యుద్ధంలో అభిమన్యుడు కూలిపోయాడు. తరతరాలుగా హరిదాసులూ వీధినాటకాల వారూ ఆ ఘట్టం చెప్పి ఎంతమందిని ఏడిపించినా అతను లేచి రాలేదు. మౌసల పర్వానికి వచ్చేసరికి కథ సాక్షాత్తూ కృష్ణుణ్ణే వదులుకుంది. కనుక కథ పొడుగు దోషం కాదు. జరిగిన సంఘటన జరిగినట్టు నిలవకపోవడం, దానికి ఫలితమంటూ లేకపోవడం దోషం.

ఈ చిత్రాలను ఇష్టపడి చూసినవారిలో ఈ వ్యాసకర్త ఒకడు. అభ్యుదయ సాహిత్యం చదివేవాడికి ఇదేం రుచి అని మిత్రులు ఎగతాళి చేయడం కద్దు. చేయనీయండి. 2008 నాటి ‘ఐరన్ మ్యాన్’లో ఒక ఆయుధ వ్యాపారి తన సరుకు ఎవరి చేతుల్లో పేలుతున్నదో కళ్లారా చూసి, ఆ తయారీ నిలిపివేస్తున్నానని పత్రికల వారి ఎదుట ప్రకటిస్తాడు. వినోద చిత్రంలో అంతటి వస్తువు దొరికితే కాదనడం దేనికి? అక్కడినుంచి 2019లో వచ్చిన ‘ఎవెంజర్స్: ఎండ్‌గేమ్’ దాకా ఇరవైరెండు చిత్రాలు. వీటిలో నాసిరకం సరుకు లేకపోలేదు. అయినా ఒకదాని ఫలితాన్ని మరొకటి మోస్తూ నడిచాయి.

ఒక్క సన్నివేశం చెబుతాను. 2018 నాటి ‘ఇన్ఫినిటీ వార్’లో థానోస్ (తెలుగు అనువాదంలో రానా దగ్గుబాటి గొంతు) చిటిక వేస్తే సృష్టిలోని ప్రాణుల్లో సగం ధూళి అయిపోతాయి. పోయినవారు మళ్లీ వస్తారని చూసే పిల్లలకు కూడా తెలుసు. కాని మరుసటి చిత్రం ఆ రాకకు మూల్యం చెల్లించింది. ఐదేళ్ల తరువాత బయటపడ్డ స్కాట్ లాంగ్ శిలాఫలకాల మీద చెక్కిన మృతుల పేర్లలో తన కూతురి పేరు వెదుకుతూ పరుగెత్తుతాడు. అక్కడ కనిపించింది అతని పేరే. ఇంటికి పోతే తలుపు తీసినది అతను విడిచివెళ్లిన పసిపిల్ల కాదు, ఎదిగిన పిల్ల. పోయిన ఐదేళ్లను ఏ మంత్రమూ తెచ్చి ఇవ్వలేదు. ఆ చిత్రంలో రసం పండింది ఇటువంటి చోట్ల, పోరాటాల్లో కాదు.

తరువాత జరిగినదేమిటి? 2021, 2022 రెండేళ్లలోనే ఏడు చిత్రాలు, ఎనిమిది ధారావాహికలు, అవిగాక చిన్నా చితకా. ‘ఫాల్కన్ అండ్ ది వింటర్ సోల్జర్’ మంచి వస్తువునే పట్టుకుంది. సగం జనం ఒక్కసారిగా తిరిగివస్తే కొంపాగోడూ పోయి శిబిరాల పాలైనవారి గతి యేమిటి? లోకాన్ని కాపాడిన నల్లజాతి వీరునికి పడవ బాగుచేసుకునేందుకు బ్యాంకు అప్పు ఎందుకు ఇవ్వలేదు? ప్రశ్నలు పదునైనవే. కాని శిబిరవాసుల పక్షాన నిలిచిన కార్లీ చేత మనుషులున్న భవనాన్ని పేల్పించి, ఆమె న్యాయమైన కోరికకు జవాబు చెప్పే పని తప్పించుకున్నారు. ఇది పిరికితనం. ‘ఎటర్నల్స్’లో హిందూ మహాసముద్రం నుంచి పర్వతమంతటి దేవతా విగ్రహం పైకి పొడుచుకువచ్చి రాయిగా మిగిలిపోయింది. 2025 దాకా మరే చిత్రమూ దాని ఊసు పట్టించుకోలేదు! మన ఊరి చెరువులో పెద్ద మొసలి కనిపిస్తేనే నెల్లాళ్లు చెప్పుకుంటాం.

దీనికి మూలం రచయితల ప్రతిభాలోపం అనుకోవడం పొరపాటు. 2009లో మార్వెల్‌ను కొనుక్కున్న డిస్నీ సంస్థ 2019 నవంబరులో ఇళ్లకే చిత్రాలు పంపే చందా వ్యాపారం తెరిచింది. చందాదారు జారిపోకుండా ఎప్పటికప్పుడు కొత్త సరుకు దింపాలి. అటువంటి వ్యాపారంలో కథకు ముగింపు అంటే నష్టం. తయారీ పెరగడం వల్ల శ్రద్ధ చెదిరిందని సంస్థ అధిపతి బాబ్ ఐగర్ 2023లో తానే ఒప్పుకున్నాడు. ఆ వేగం భారం ఎవరి నడుముల మీద పడిందో ఆయన చెప్పలేదు. అదే ఏడు సెప్టెంబరులో మార్వెల్ విజువల్ ఎఫెక్ట్స్ కార్మికులు యూనియన్ కోసం ఏకగ్రీవంగా ఓటు వేశారు. తెరమీద బొమ్మ అతుకులబొంతలా ఉందని వెక్కిరించే అభిమానులు ఈ వార్త చదవడం అవసరం.

ప్రేక్షకుని మీదా బరువు వేశారు. 2023 నాటి ‘ది మార్వెల్స్’ పూర్తిగా అర్థం కావాలంటే ముందు ఒక చిత్రమూ రెండు ధారావాహికలూ చూసి ఉండాలి. పరీక్షకు చదివినట్టు చదివి ఎవరు వస్తారు? ఈ వరుసలోకెల్లా తక్కువ వసూలు దానిదే.

మరి సంస్థ నేర్చుకున్న పాఠం యేది? 2017లో వేరే సంస్థ తీసిన ‘లోగన్’ ఉల్వరీన్‌కు గౌరవమైన మరణం ఇచ్చింది. 2024లో ‘డెడ్‌పూల్ అండ్ ఉల్వరీన్’ మొదటి ఘట్టంలోనే ఆ సమాధి తవ్వి, ఎముకలను ఆయుధాలు చేసుకుని తమాషా చూపించింది. నూటముప్పై కోట్ల డాలర్లకు పైగా వసూలైంది. అదే జూలైలో, ‘ఎండ్‌గేమ్’లో ప్రాణాలిచ్చిన ఐరన్ మ్యాన్ వేషధారి రాబర్ట్ డౌనీ జూనియర్‌నే ప్రతినాయకుడు డాక్టర్ డూమ్‌గా తెస్తున్నామని శాన్ డియాగో సభలో ప్రకటించారు. ముసుగు తీయగానే సభ హోరెత్తింది.

ఈ కాలపు చిత్రాల్లో చావుకు బరువున్నది ఒకటుంది: 2022 నాటి ‘బ్లాక్ పాంథర్: వకాండా ఫరెవర్’. కథానాయకుడు చాడ్విక్ బోస్‌మన్ 2020లో నిజంగానే మరణించాడు. ఆ పాత్రకు మరొకరిని పెట్టలేదు. చివర చెల్లెలు షూరి హైతీ సముద్రపు ఒడ్డున ఒంటరిగా కూర్చుని, సంతాపవస్త్రాన్ని మంటలో వేసి, అన్నను తలుచుకుంటుంది. మాటలు లేవు. ఆ వరుస అంతటిలోనూ నాకు నచ్చిన ముగింపు అది. అయితే పేర్లు పడడం మొదలయ్యాక మళ్లీ తెర వెలిగింది. ఒక పసివాణ్ణి తీసుకువచ్చి కూర్చోబెట్టి, అతని చేత తన పేరు టిచల్లా అని, టిచల్లా కొడుకునని చెప్పించారు.