'కొల్లేటి జాడలు' - ఆంగ్లంలో మారిన పేరు

ఒక ప్రాంతపు జీవితాన్ని చిత్రించిన నవలకు గుర్తింపు ఎక్కడ లభించినట్టు? ఆ ప్రాంతపు భాషలోనా, లేక ఆంగ్లంలోనా? అక్కినేని కుటుంబరావు నవల 'కొల్లేటి జాడలు' విషయంలో ఈ ప్రశ్న తప్పదు. 'భద్రం కొడుకో' చిత్ర దర్శకులుగా పేరు పొందిన ఈ రచయిత, కొల్లేటి ఒడ్డున గడిచిన తమ బాల్యాన్ని ఇందులో నవలగా మలిచారు. వసంత్ కన్నబిరాన్ చేసిన ఆంగ్లానువాదం 2020లో వెలువడి, తెలుగెరుగని పాఠకులకు దీనిని పరిచయం చేసింది.

అనువాదానికి పెట్టిన పేరు 'సాఫ్ట్‌లీ డైస్ ఎ లేక్'. అనగా సరస్సు మెల్లగా మరణిస్తున్నదని. మూలంలోని పేరులో మరణం లేదు, జాడలున్నాయి. జాడ వెతికేవానికి దారి చూపుతుంది. మరణవార్త విన్నవాడు సానుభూతి తెలిపి వెళ్ళిపోతాడు. ఆంగ్ల నామం దూరపు పాఠకునికి విషయాన్ని తక్షణమే తెలుపుతుంది; అది దాని బలం. కాని కైకలూరు పాఠకునికి కొల్లేరు ముగిసిన కథ కాదు. 1999లో అభయారణ్య ప్రకటన, 2002లో రామ్‌సార్ గుర్తింపు, 2006లో చేపల చెరువు గట్ల కూల్చివేత జరిగాయి. అయినా సరస్సు హద్దుల తగవు తీరలేదు. బుడమేరు, తమ్మిలేరు నీళ్ళు నేటికీ అందులోకే దిగుతున్నాయి.

రామ్‌సార్ గుర్తింపు ఒక్కటే సరస్సును కాపాడలేకపోయింది. ఆంగ్ల గుర్తింపు ఒక్కటే నవలను బ్రతికించలేదు. అనువాదకురాలి సేవ నిస్సందేహంగా అభినందనీయం. అయితే ఈ గ్రంథం ముందుగా కొల్లేటి ఊళ్ళ గ్రంథాలయాలలో చదవబడాలి. అందులోని జాడలను పోల్చి చూడగలవారు అక్కడే ఉన్నారు.