మొప్ప ఎత్తి చూడు

మా ఖరగ్‌పూర్‌లో తెలుగువాళ్ళు దీఘా వెళ్తున్నారంటే ఇంట్లో రెండు గిన్నెలు బయటికొస్తాయి. ఒకటి పులిహోరతో నిండి వెళ్తుంది. రెండోది ఖాళీగా వెళ్ళి చేపలతో తిరిగొస్తుంది. ఆ రెండో గిన్నె కోసమే నేను ఇప్పటికీ దీఘా వెళ్తాను.

బీఎన్ఆర్ రైల్వే వాళ్ళు ఇక్కడ వర్క్‌షాప్ కట్టిన రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి వచ్చినవాళ్ళ పిల్లల పిల్లలం మేం. మథురకాటి క్వార్టర్లో పుట్టిన మా నాన్నకు శ్రీకాకుళం వైపు బారువ సముద్రం వేసవి సెలవుల్లో కలిసే చుట్టం, దీఘా సముద్రం పక్కింటి మనిషి. అప్పట్లో బెల్దా, ఎగ్రా, కాంథీల మీదుగా బస్సే దిక్కు. 2004లో దీఘాకు రైలొచ్చింది. ఇప్పుడు హౌరా లోకల్ ఎక్కి పాన్‌స్కురాలో దిగి, దీఘా బండి పట్టుకుంటాం.

దిగగానే అందరూ కొత్త దీఘా ఇసుకలోకి పరిగెడతారు. పిల్లలుంటే అక్కడికే వెళ్ళాలి. ముంతమసాలాకు అన్నలాంటి ఝాల్‌మూడీ తినాలి, సరుగుడు నీడలో కూర్చోవాలి. పాత దీఘాలో ఇసుక తక్కువ. గట్టు కింద పేర్చిన బండరాళ్ళ మీద అల విరుగుతుంటే చూడ్డమే అక్కడి పని. సాయంత్రం జీడిపప్పు కొనాలి. కాంథీ చుట్టూ జీడితోటలున్నాయి. పలాస పప్పు తిని పెరిగిన మా అమ్మ మాత్రం ప్రతిసారీ ఒక పలుకు కొరికి చూసి, ఏమీ అనకుండా అరకిలో కట్టించుకునేది.

కానీ దీఘా అసలు మొహం తెల్లారగట్ల మోహనాలో కనిపిస్తుంది. బెంగాలీలో మోహనా అంటే ఏరు సముద్రంలో కలిసే చోటు. రాత్రంతా వేటాడిన పడవలు అక్కడ దింపిన సరుకును వేలం పాడతారు. బుట్టల నిండా చందువలు, రొయ్యలు, పీతలు, పండుగప్పలు. మనం చందువ అనేదాన్ని వాళ్ళు పాంఫ్రెట్ అంటారు, పండుగప్పను భేట్కీ అంటారు. వాళ్ళ లొటే మన వానమట్ట. ఈ పేర్లు నేను బడిలో నేర్చుకోలేదు. అమ్మ కొంగు పట్టుకుని ఆ తడి నేల మీద నేర్చుకున్నాను.

“మొప్ప ఎత్తి సూడొలే. ఎర్రగుంటే తీసుకో, నేకపోతే ఒగ్గీ” అనేది. కన్ను ఉబ్బి మెరుస్తుండాలి. బొటనవేలితో నొక్కితే పడ్డ గుంట వెంటనే పూడిపోవాలి. రొయ్య తల ఒంటిని వదలకుండా ఉండాలి. పీతను చేతిలో తూచి చూడాలి. ఒకే సైజులో రెండుంటే బరువుగా ఉన్నదే కండ ఉన్నది. ఒకసారి అలసిపోయి బజార్లో దీపాల వెలుగులో చూసి కొన్నాను. ఇంటికొచ్చి కడుగుతుంటే చర్మం చేతికి ఊడొచ్చింది. ఆ రోజు నుంచి పగటి వెలుగు లేనిదే చేప కొనలేదు.

వానలు మొదలయ్యాక అందరి కళ్ళూ ఇలిష్ మీదే. ఆ చేప కథ చెబితే మా వీధిలో బెంగాలీ, తెలుగు పంచాయితీ తీరదు. సముద్రంలో ఉన్నప్పుడు అది ఉత్త విలస. గోదావరికి ఎదురీదితే పులస అవుతుంది. రూప్‌నారాయణ్ ఏరెక్కితే కోలాఘాట్ ఇలిష్ అవుతుంది. ఆ కోలాఘాట్ మా హౌరా లైన్లోనే ఉంది. గుడ్లు పెట్టడానికి తీపినీళ్ళు వెతుక్కుంటూ వచ్చే చేపకు ఏ ఏరెక్కితే ఆ ఊరి పేరు. దీఘాలో దొరికేది ఇంకా ఏరు చూడనిది. పులసంత కొవ్వు, రుచి అందులో ఉండవు. అందుకే దానికి చింతపండు పులుసు కంటే ఆవముద్దే నప్పుతుందని నా నమ్మకం. పక్కింటి బౌది (వదిన) నేర్పిన సర్షే ఇలిష్ వండిన రోజు, పనసపొట్టుకు ఆవ పెట్టే ఇంట్లో పుట్టి చేపకు ఆవ పెట్టడం ఇన్నాళ్ళూ ఎందుకు తోచలేదా అనుకున్నాను. చందువకు మాత్రం అటూ ఇటూ గాట్లు పెట్టి, ఉప్పు, కారం, పసుపు పట్టించి, పెనం మీద వేపడమే. పండుగప్పకు పులుసు. అది మర్నాడు తినాలి.

పిల్ల విలసల్ని కొనను. 23 సెంటీమీటర్ల లోపువి పట్టకూడదని ఇక్కడ చట్టముంది. అయినా బజారుకు వస్తుంటాయి. జానెడు చేపను చూస్తే నాకు కోపం వస్తుంది. దాన్ని ఏరు చేరనివ్వకుండానే గిన్నెలోకి లాగేస్తున్నాం.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకూ తూర్పు తీరమంతా మరపడవల వేట నిషేధం. బారువలోనూ అదే, దీఘాలోనూ అదే. ఆ రెండు నెలలూ మా ఇంట్లో ఎండు నెత్తళ్ళు, ఎండు వానమట్టలే. అటక మీద కాగితాల్లో మూడు చుట్లు చుట్టినా వాసన వీధి చివరిదాకా వెళ్తుంది. నిషేధం ముగిశాక మొదటి వాన పడగానే అమ్మ వాడిన ఆ రెండో గిన్నెను తోమి పెడతాను. దానికి మూత సొట్టపోయింది. తాడు కట్టి తీసుకెళ్తున్నాను.