లెన్సు లోపలి బూజు

ఫంగస్ పట్టిందని తెలిస్తే చాలు, పాత లెన్సు మీద చాలామంది ఆశ వదిలేసుకుంటారు. అమ్మబోతే అడిగేవాడు ఉండడు. ఇది తొందరపాటని నా గట్టి నమ్మకం. పట్టింది పైపైనేనా, గాజులోకి దిగిందా అన్నది తేల్చుకోకుండా ఏ లెన్సునూ పారేయకూడదు. పాత కెమెరాలు బాగుచేసే వాళ్ళ విద్యలో సగం ఆ తేల్చుకోవడంలోనే ఉంది.

ఫంగస్ బీజాలు గాలిలో ఎప్పుడూ ఉంటాయి, ఏ లెన్సులోకైనా చేరతాయి. అవి మొలకెత్తాలంటే తేమ కావాలి. గాలిలో తేమ 70 శాతం దాటి రోజుల తరబడి దిగకపోతే, దానికి చీకటీ, కదలని గాలీ తోడైతే, ఇక అడ్డు ఉండదు. తిండికి కాస్త దుమ్ము, వేలిముద్రల జిడ్డు చాలు. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వైపు నడివేసవిలో కూడా గాలి ఆరదు. ఒకప్పుడు స్టూడియోల్లో పెళ్ళి ఫొటోలు తీసిన యాషికా కెమెరాలు అక్కడ ఇంకా కొన్ని ఇళ్ళలో తోలు కేసుల్లోనే, బీరువా అడుగున పడి ఉన్నాయి. తోలు తేమను పట్టి ఉంచుతుంది, పైగా దానికే బూజు పడుతుంది. కెమెరాకు రక్షణ అని తొడిగిన కేసే దానికి చేటు తెచ్చింది.

ఈ బాధ సైన్యాలకూ తప్పలేదు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో న్యూగినీ అడవుల తేమకు బైనాక్యులర్లు, గురిచూసే పరికరాలు లోపలినుంచి మసకబారిపోయాయి. మెల్బోర్న్ విశ్వవిద్యాలయంలోని వృక్షశాస్త్రజ్ఞులు దీని మీద పనిచేసి, పాదరసం కలిసిన మందుతో అడ్డుకోవచ్చని చూపారు. అది విషం, ఇళ్ళలో వాడేది కాదు.

1970లో వచ్చిన యాషికా మ్యాట్ 124జీనే తీసుకుందాం. ముందు రెండు లెన్సులుంటాయి. పైది చూడటానికి, కిందిది ఫొటో తీయడానికి. పైదానికి ఫంగస్ పడితే చూపు మసకేస్తుందే తప్ప ఫొటోకు ఏమీ కాదు. ఈ సంగతి తెలియక మంచి కెమెరాను వదులుకున్నవాళ్ళు ఉన్నారు. కింది లెన్సును పరీక్షించాలంటే వెనక తలుపు తెరిచి, షట్టర్‌ను ‘బి’ మీద పెట్టి, కేబుల్ రిలీజ్ బిగించి, అపర్చర్ పూర్తిగా తెరవాలి. చీకటి గదిలో వెనకనుంచి టార్చి కాస్త ఏటవాలుగా వేసి ముందునుంచి చూడాలి. ఫంగస్ అయితే గాజు అంచు దగ్గర మొదలై, సన్నటి తెల్ల పోగులు కొమ్మలుగా చీలుతూ నడుమకు పాకి ఉంటాయి. మసక అంతటా సమంగా పరుచుకుని ఉంటే అది చాలావరకు గ్రీజు ఆవిరి. అంచున ఇంద్రధనుస్సు రంగుల మచ్చ కనిపిస్తే గాజు బిళ్ళల మధ్య జిగురు వీడుతోందని అర్థం. ఈ మూడింటికీ మందు ఒకటి కాదు. చూడకుండా చేతికి దొరికిన సీసా ఎత్తడం వల్లే లెన్సులు పాడవుతాయి.

ఈ లెన్సులో నాలుగు గాజు బిళ్ళలుంటాయి. షట్టర్ ముందు రెండు విడివిడిగా, వెనక రెండు ఒకదానికొకటి జిగురుతో అంటుకుని ఉంటాయి. ముందు భాగం విప్పడానికి రబ్బరు సాధనం, వెనకదానికి గాడిలో పట్టే స్పానర్ కావాలి. మర పట్టేస్తే బలం వాడకుండా ఒక్క చుక్క ఆల్కహాల్ వేసి ఆగాలి. ప్రతి బిళ్ళకూ ఏ ముఖం ఎటు ఉందో, ఏది ఏ వరసలో వచ్చిందో ఫోనుతో ఫొటో తీసుకోవాలి. తిరగేసి బిగిస్తే ఏ ఫొటో సరిగా రాదు. అంటుకున్న జంటను నానబెట్టకూడదు. ఫంగస్ ఆ జిగురు పొరలోకి పోయి ఉంటే ఇంట్లో చేయగలిగింది లేదు.

తుడిచే ముందు బ్లోయర్‌తో దుమ్ము ఊదేయాలి, లేకుంటే ఆ ఇసుక రేణువే గీత పెడుతుంది. తర్వాత మూడు శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్, ఇంట్లో వాడే అమ్మోనియా సమపాళ్ళలో అప్పటికప్పుడు కలుపుకోవాలి. కిటికీలు తెరిచి ఉండాలి. మిగిలింది మూతపెట్టి దాచకూడదు, లోపల వాయువు పుట్టి సీసా పగలవచ్చు. బ్లీచింగ్ ద్రావణాన్ని అమ్మోనియా దరిదాపులకు రానీయకూడదు, ఆ రెండూ కలిస్తే విషవాయువు. లెన్సు టిష్యూను కొద్దిగా తడిపి, నడుమనుంచి అంచుకు చుట్లు తిప్పుతూ తేలిగ్గా తుడవాలి. ఒక్కో చుట్టుకు ఒక్కో కొత్త టిష్యూ. బిళ్ళ అంచున ఉన్న నల్లరంగుకు తడి తగలనీయకూడదు, అది ఊడితే లోపల వెలుగు చెదిరి ఫొటో తేలిపోతుంది. చివరికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఒకసారి. జెయిస్ కంపెనీలో అలెగ్జాండర్ స్మకులా 1935లో కనిపెట్టిన పూత తర్వాత వచ్చిన తొలినాటి లెన్సుల్లో లోపలి పూతలు మెత్తగా ఉంటాయి. వాటిని గట్టిగా రుద్దితే ఫంగస్‌తో పాటు పూతా పోతుంది.

పోగులన్నీ పోయాక కూడా అవి నడిచిన దారి గాజు మీద వెంట్రుకవాసి గీతల్లా మిగలవచ్చు. ఫంగస్ వదిలిన ఆమ్లం పూతను, ఒక్కోసారి గాజునే తినేసిన గుర్తు అది. అక్కడ ఆగాలి. నేను అందరికీ గట్టిగా చెప్పే మాట ఇదే. ఆ గీతలు పోవాలని పాలిష్ పట్టిస్తే గాజు వంపు మారుతుంది, లెన్సు నిజంగానే పోతుంది. సన్నటి గీతలు చాలా ఫొటోల్లో కనపడవు. ఎదురు వెలుగులో మాత్రం ఫొటో పేలవంగా వస్తుంది, వెనక బిళ్ళ మీద ఉంటే ఇంకా ఎక్కువ.

ఎండలో పెట్టే అలవాటు మనవాళ్ళకు ఉంది. ఎండ కొంత ఆరబెడుతుంది, పట్టిన పోగులను తీయదు. పైగా లెన్సు ఎండను ఒకచోటికి చేర్చి కింది గుడ్డను అంటించగలదు.

బియ్యం డబ్బాలో పెట్టడం అంతకంటే చెడ్డది, బియ్యపు పొడి కూడా ఫంగస్‌కు తిండే. గట్టిగా మూత పట్టే ప్లాస్టిక్ డబ్బా, అందులో తేమ చూపే చిన్న మీటరు, రంగు మారే సిలికా జెల్ ఉంటే సరిపోతుంది. తేమ 40, 50 శాతం మధ్య ఉండాలి. మరీ తక్కువైతే గ్రీజు ఎండుతుంది. నీలం జెల్ గులాబీరంగుకు తిరిగితే వంటకు వాడని మూకుడులో సన్నని సెగ మీద వేడి చేస్తే మళ్ళీ పనికొస్తుంది. తోలు కేసును ఆ డబ్బాలో పెట్టకండి. నెలకొకసారి కెమెరాను బయటికి తీసి, అపర్చర్ తిప్పి, నాలుగు ఫొటోలు తీయండి. ఫంగస్ గాజును తిన్న లెన్సుకైతే హుడ్ తొడిగి, వెలుగు మీ వెనకనుంచి పడేలా నిలబడి తీయండి, అది ఇంకా ఎన్నో రోల్స్‌కు పనికొస్తుంది.