ఊఁతపదములు – అన్యభాషీయుల యాంగ్లము

మాట తడవుకొనునపుడు దొరలు పదములను, అర్థమును సడలించి పలుకు పదములను వాగ్దోషములని త్రోసివేయుట బోధకులకుఁ బరిపాటి. యాస్కుఁ డట్లు త్రోసివేయలేదు. నిరుక్తమున నాతఁడు నిపాతములను విభజించుచు, కమ్, ఈమ్, ఇత్, ఉ అనువానిని బదపూరణములని వేఱుగాఁ బేర్కొనెను. అర్థము చెప్పని పదమునకును వాక్యమున స్థానము గలదని యీ విభాగమువలనఁ దెలియుచున్నది.

ఆంగ్లమున కిట్టి న్యాయమును 1994 వ సంవత్సరమున జొవానా ఛానెల్ రచించిన 'వేగ్ లాంగ్వేజ్' అను గ్రంథము చేకూర్చినది. 'సార్ట్ ఆఫ్', 'అండ్ థింగ్స్ లైక్ దట్' మొదలగునవి యాలోచనాలోపమునకు గుర్తులు గావనియు, వలసినంతమాత్రమే చెప్పుటకును, ఎదుటివారి మనసు నొవ్వకుండఁ బలుకుటకును నుపకరించుననియు నామె మతము. 2002 లో హెర్బర్ట్ క్లార్కు, జీన్ ఫాక్సు ట్రీ అనువారు మఱియొక యడుగు ముందునకు వేసి, 'అ' యనుట స్వల్పవిలంబమును, 'అమ్' అనుట దీర్ఘవిలంబమును శ్రోతకు సూచించునని వాదించిరి. ఈ వాదము సర్వసమ్మతము గాకున్నను, తడఁబాటునందును నొక క్రమ ముండవచ్చునన్న యూహకు బలమిచ్చినది.

అట్లయిన నాంగ్లము నేర్చుకొన్నవారి లోప మెచ్చట నున్నది? ఊఁతపదములు హెచ్చుటయే లోపమని లోకుల తలంపు. సిల్వీ డికాక్ మున్నగువారు ఫ్రెంచి మాతృభాషగాఁ గల విద్యార్థుల సంభాషణములను 1998 లోఁ బరిశీలించి, శైథిల్యోక్తులు ఆంగ్లేయులకంటె వీరియందుఁ దక్కువయని తేల్చిరి. 'ఐదింటి ప్రాంతమున' ననవలసినచోట 'ఐదు గంటల' కన్నచో వ్యాకరణము చెడదు. మాట మాత్రము బిరుసెక్కును. నేర్చినవాఁడు తప్పు పలుకకయే మర్యాద యెఱుఁగనివాఁ డనిపించుకొనును.

తెలుఁగున 'పుస్తకం గిస్తకం' అన్నచో నట్టి వస్తుజాతి యంతయు స్ఫురించును. ఇంత సుకరమగు సాధనము గలవాఁ డాంగ్లమున దానికి సాటి యెఱుఁగక చిక్కుపడును. 'అంటే' యని తడవుకొను నలవాటున వాక్యారంభమునఁ గొందఱు 'మీన్స్' అందురు. ఆంగ్లేయుఁడగు శ్రోత నిర్వచనమునకై యెదురుచూచును, నిర్వచనము రాదు. ఇచ్చట దోషము ఊఁతపదమును వాడుట గాదు, శ్రోత యెఱుఁగని సంకేతమును వాడుట. ఈ భేదమును గమనింపని బోధకుఁడు దోషముతోఁ గూడ గుణమును బెఱికివేయును.

అయినను ఫ్రెంచివారినిగూర్చిన నిర్ణయమును దెలుఁగువారికి యథాతథముగా నంటఁగట్టుట తగదు. లూవెను విశ్వవిద్యాలయము పక్షమున 2010 లో వెలువడిన సంభాషణసంపుటమునఁ బదునొకండు మాతృభాషలవారి పలుకులు గలవు. అందుఁ దెలుఁగు లేదు. తెలుఁగువారి యాంగ్లసంభాషణములను యథోచ్చారితముగా వ్రాసికొని, తడఁబాట్లను దిద్దక భద్రపఱచినఁగాని యీ చర్చకుఁ బ్రమాణ మేర్పడదు.