ఇంటి లోపల కట్టిన నక్షత్రం

డిసెంబరు మొదటి ఆదివారం వచ్చేసరికి పెద్దారవీడులో మా పేట ఇళ్ల ముందు నక్షత్రాలు వెలుగుతాయి. నా చిన్నప్పుడు వెదురు బద్దలు కట్టి, రంగు కాగితం అంటించి, లోపల బల్బు పెట్టేవాళ్లం. ఇప్పుడు మడత విప్పితే చాలు, మార్కాపురం బజారులో కొన్న స్టారు తయారు. ఆ రోజుల్లో మా వరసలో పెద్దమ్మ వాళ్ల గుమ్మం ఒక్కటే చీకటిగా ఉండేది. పెద్దమ్మ జపమాల చెప్పని రోజు లేదు. మరి వాళ్లకి స్టారు ఎందుకు లేదని ఎనిమిదేళ్లప్పుడు అమ్మనడిగాను.

"వుందిమే. లోపల కట్టుకున్నారు. అక్కకి సర్టిఫికెట్టు రావాల గదా" అంది అమ్మ, పిండి జల్లిస్తూ.

వెళ్లి చూశాను. నిజమే. తలుపు దగ్గరికి వేసి ఉంది. దూలానికి నక్షత్రం వేలాడుతోంది. దాని కింద కూచుని పెద్దమ్మ అరిసెలు వత్తుతోంది. నాకదేదో ఆటలాగా అనిపించింది. మా నాన్న పట్టుబట్టి మా కాగితాల్లో బీసీ-సి అని రాయించాడనీ, పెద్దమ్మ వాళ్లు ఎస్సీగానే ఉండిపోయారనీ, ఒక తల్లి కడుపున పుట్టిన ఇద్దరు అక్కచెల్లెళ్ల పిల్లలం రెండు కులాలమయ్యామనీ తర్వాతెప్పుడో తెలిసింది.

దళిత క్రైస్తవ అస్తిత్వం మీద నేను పరిశోధన చేశాను. నా సిద్ధాంత గ్రంథంలో మతాంతరీకరణ మీద ఒక పెద్ద అధ్యాయం ఉంది. అందులో ఈ నక్షత్రం లేదు, అమ్మ జల్లించిన పిండి లేదు. ఎందుకు లేవని ఇన్నాళ్లకు నన్ను నేను అడుగుతున్నాను. ఆ అడగడం నా ఒక్కదానితో ఆగేది కాదు కాబట్టి ఈ వ్యాసం.

మా ప్రాంతపు క్రైస్తవం గురించి చదవడం మొదలుపెట్టిన ఎవరికైనా ముందు ఎదురయ్యేది 1878. 1876-78 నాటి గొప్ప కరువు, ఒంగోలు అమెరికన్ బాప్టిస్టు మిషన్, జాన్ క్లౌ, వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మ నది. ఆ ఏడాది జూలై 3న ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. మేం కతోలికులం, మా కథ వేరు. అయినా మా గురించి రాసేవాళ్లు కూడా ఆ పద్ధతిలోనే రాస్తారు. మతం మారడమంటే ఒక రోజు, ఒక నది, ఒక సంఖ్య. అన్నం కోసం మారారా, ఆత్మగౌరవం కోసం మారారా అన్నది వాదం. నేనూ ఆ వాదంలోనే అరవై పేజీలు గడిపాను. మర్నాడు పొద్దున ఆ ఆడవాళ్లు లేచి ఏం చేశారు? పొయ్యి వెలిగించేటప్పుడు ఏ దేవుణ్ణి తలుచుకున్నారు? పిల్లకి జ్వరమొస్తే ఎవరికి మొక్కారు? పాత మొక్కు తీర్చకుండా వదిలేయడానికి ఎంత భయపడ్డారు? మతం నిజంగా మారిందో లేదో తేలేది అక్కడే. ఆ పని ఏళ్ల తరబడి జరిగింది, చేసింది ఆడవాళ్లు.

సాహిత్యం వైపు చూస్తే, క్రైస్తవ కుటుంబంలో పుట్టిన మహాకవి జాషువా మనకున్నాడు. 'గబ్బిలం'లో అరుంధతీ సుతుడు తన మొరను కాశీనాథుడికి పంపుకుంటాడు. 'క్రీస్తు చరిత్ర'కి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. ఒకదాంట్లో ఊరు వెలేసిన మనిషి వేదన, మరొకదాంట్లో క్రీస్తు జీవితం. ఈ రెండిటికీ మధ్య ఒక ఇల్లు ఉంది. క్రీస్తును నమ్ముకున్న వెలివాడ ఇల్లు. అక్కడ రోజులు ఎలా గడుస్తాయన్నది జాషువా తీసుకున్న వస్తువు కాదు, ఆయన్ని తప్పుపట్టడం నా ఉద్దేశమూ కాదు. ఆయన తర్వాత వచ్చిన విమర్శకులం ఆ ఇంటి తలుపు తట్టకపోవడం గురించే నా బాధ.

ఆ ఇంట్లో క్రిస్మస్ ఎలా వస్తుందో చెప్తాను. గుడి లెక్కలో ఆగమన కాలం నాలుగు ఆదివారాలు. మా అమ్మ లెక్కలో అది పత్తి తీతల కాలం. కిలోల లెక్కన వచ్చే కూలిలోంచి ముందు సున్నం డబ్బులు, తర్వాత బెల్లం, నూనె, చివరికి పిల్లల బట్టలు. తనకి చీర కొనుక్కున్న ఏడాది నాకు గుర్తు లేదు. పొద్దంతా చేలో వంగి, సాయంత్రం గోడలకు సున్నం కొట్టి, రాత్రి జపమాల. యాభై మూడు పూసల మంగళవార్త జపాల మధ్యలోనే "పొయ్యి మీద ఎసరు చూడుమే" అనేది. ఆ మాట జపానికి అడ్డమని ఆమె ఎప్పుడూ అనుకోలేదు.

పశువుల పాక కట్టే పని నాదీ తమ్ముడిదీ. బోదగడ్డి కప్పు, బంకమట్టి గోడ. బొమ్మలు అమ్మ పాత చీర ముక్కలో ఏడాదంతా భద్రంగా ఉండేవి. బాలయేసును మాత్రం అర్ధరాత్రి దాకా బయటికి తీయనిచ్చేది కాదు. గురువులు ఒక్కరు, ఊళ్లు అనేకం. పూజ మా ఊరి వంతుకి ఏ వేళకొస్తుందో ముందు తెలిసేది కాదు. రాకపోతే ఉపదేశి ప్రార్థన చదివేవాడు. మగపిల్లలు డోలక్ పట్టుకుని రాత్రంతా ఇంటింటికీ పాటలు పాడుతూ తిరిగేవాళ్లు. ఆడపిల్లలం వాళ్లకి టీ కాచేవాళ్లం.

అరిసెలు పేటలో ప్రతి ఇంటికీ వెళ్లేవి, బాప్టిస్టుల ఇళ్లకీ వెళ్లేవి. ఊళ్లో ఆసాముల ఇళ్లకి మాత్రం అమ్మ అరటిపళ్లు పంపేది. వండింది ఎక్కడిదాకా వెళ్తుందో, వండనిది ఎక్కడిదాకా వెళ్తుందో ఆమెకి ఎవరూ చెప్పనక్కర్లేదు. కులం గురించి నేను చదివిన సిద్ధాంతాలన్నిటికంటే ముందు నాకందిన పాఠం ఆ పళ్ల సంచి.

స్త్రీవాద సాహిత్యం మనకి వంటింటిని చూడడం నేర్పింది. విమల 'వంటిల్లు' చదివాక ఆ గదిలోకి మామూలుగా అడుగు పెట్టలేకపోయాం. 1993లో 'నీలిమేఘాలు' వచ్చింది. అయితే మా ఇంట్లో వంటిల్లు ఒక గది కాదు. ఉన్న ఒక్క గదిలో ఓ మూల పొయ్యి, ఎదురు గోడ గూట్లో మరియమాత స్వరూపం. ఆ పొగ ఈ గూటికి తగిలేది. మాత ముఖం ఏడాదికోసారి, క్రిస్మస్‌కి ముందు, తుడిస్తేనే తెల్లబడేది. ఆ పొయ్యిని చూసిన విమర్శ ఆ గూటిని చూడలేదు. చూసినా 'మతం స్త్రీని అణచే వ్యవస్థ' అని ఒక వాక్యంతో దాటేసింది. 2003లో గోగు శ్యామల సంపాదకత్వంలో వచ్చిన 'నల్లపొద్దు' దళిత స్త్రీల ఎనభై ఏళ్ల రచనని ఒకచోట పెట్టి, ఎవరి అనుభవాన్ని స్త్రీ అనుభవం అంటున్నామని మనల్ని నిలదీసింది. ఆ నిలదీతని గూటి దాకా తీసుకెళ్లే పని ఇంకా మిగిలే ఉంది.

ఎం.ఎం.వినోదిని 'తప్పిపోయిన కుమార్తె' కథ ఆ దారిలో పెద్ద అడుగు. యూనివర్సిటీకి వెళ్లి, బ్రాహ్మణ స్నేహితురాలి ఇంటి తీరుకు ఆకర్షితురాలై, తన ఇంటిని చూసి సిగ్గుపడి, అవమానం తిన్నాక మళ్లీ ఆ ఇంటికే చేరిన దళిత క్రైస్తవ అమ్మాయి కథ అది. లూకా సువార్త పదిహేనో అధ్యాయంలోని కొడుకు స్థానంలోకి కూతురొచ్చింది. ఈ కథని కులం, సంస్కృతి, ఆత్మగౌరవం అనే కోణాల్లోంచి చదవడం మనకలవాటు. అది సరైన చదువే. నాకు మాత్రం ఆ కథ నుంచి మూలంలోకి వెళ్లినప్పుడు ఒక ఖాళీ కనపడింది. సువార్తలోని ఉపమానంలో తండ్రి ఉన్నాడు, ఇద్దరు కొడుకులున్నారు, పనివాళ్లున్నారు, కోయించిన కొవ్విన దూడ కూడా ఉంది. తల్లి లేదు. ఆ విందు ఎవరు వండారో లేదు. మనం తిరిగి రావడానికి ఒక ఇల్లు ఉందంటే, మనం లేనన్నాళ్లూ దాన్ని ఇల్లుగా నిలబెట్టిన మనిషి ఉండి తీరాలి. ఆ మనిషి పనిని చదవడానికి మనకింకా పరిభాష లేదు.

అమ్మల భక్తిని మెచ్చుకుంటూ వాళ్ల చాకిరిని పూజించమంటున్నావా అని మీరడగొచ్చు. అడగాలి కూడా. గుడి ఊడ్చేది ఆడవాళ్లు, బలిపీఠం దగ్గర నిలబడేది మగవాళ్లు. స్త్రీలకి గురుపట్టం ఇవ్వడం కుదరదని 1994లో రెండో జాన్ పాల్ పోపు తేల్చేశారు. పఠనం చదివే పరిచర్యని స్త్రీలకి శాశ్వత హోదాగా ఇవ్వడానికి 2021 దాకా పట్టింది. 2022లో హైదరాబాద్ అగ్రపీఠాధిపతి పూల అంతోని కార్డినల్ అయినప్పుడు మా పేటంతా పండగ చేసుకుంది. దళితుల్లోంచి మొదటి కార్డినల్, అదీ తెలుగువాడు. ఆ రోజు నేనూ సంతోషపడ్డాను. ఆ మెట్ల మీద అమ్మకి ఒక్క మెట్టూ లేదన్న సంగతి కూడా ఆ రోజే గుర్తొచ్చింది. అమ్మకి ఆ బాధ ఉన్నట్టు లేదు. ఆమెకి మరియమ్మ పాట ఉంది. బలవంతులు గద్దెలు దిగుతారనీ, ఆకలిగొన్నవాళ్ల కడుపు నిండుతుందనీ ఒక పల్లెటూరి గర్భిణి పాడిన పాట. పత్తి చేనులో దాన్ని పాడుకునే మనిషిని లొంగిపోయిందని నేను అనలేను. స్వేచ్ఛగా ఉందనీ అనలేను. ఈ రెండు మాటలూ చాలని చోటే విమర్శ మొదలవ్వాలని మాత్రం అనగలను.

మనం చదవని ఈ జీవితాన్ని చదువుతున్నవాళ్లు వేరే ఉన్నారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకే. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. దళిత క్రైస్తవులు, దళిత ముస్లింలు బయటే ఉన్నారు. మతానికీ హోదాకీ ముడి తెంచమని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో చెప్పింది. 2024 నవంబరు 26న సుప్రీంకోర్టు సి.సెల్వరాణి కేసులో తీర్పిచ్చింది. పుదుచ్చేరిలో క్లర్కు ఉద్యోగానికి ఎస్సీ సర్టిఫికెట్టు అడిగిన స్త్రీ ఆమె. పసితనంలో విల్లియనూరు లూర్దుమాత గుడిలో ఆమెకిచ్చిన జ్ఞానస్నానాన్నీ, క్రమం తప్పక చర్చికి వెళ్లడాన్నీ కోర్టు లెక్కలోకి తీసుకుని, సర్టిఫికెట్టు నిరాకరించింది. తల్లి ఒళ్లో ఉన్నప్పుడు నెత్తిన పోసిన నీళ్లు, ఆదివారం పూట నడిచిన నాలుగడుగులు. సాహిత్య విమర్శకి చిన్న విషయాలనిపించినవి అక్కడ సాక్ష్యాలయ్యాయి.

అప్పుడు నాకు పెద్దమ్మ చేసిన పని అర్థమైంది. నక్షత్రాన్ని లోపల కట్టడం భయం. కట్టడం మానకపోవడం విశ్వాసం. బిడ్డ చదువూ దేవుడూ రెండూ పోకుండా ఆమె ఒక దూలం మీద నడిచింది. అన్నేళ్లు అబద్ధమాడిందని కోర్టు భాషలో అనొచ్చు. ఆ అబద్ధాన్ని ఆమె చేత ఆడించింది ఎవరని అడిగే భాష మనది కావాలి.

ఈ వ్యాసం రాస్తానన్నప్పుడు అమ్మ ఒకే మాటంది: "రాస్తే రాయి. ఎవురిల్లో తెలవకుండా రాయి." అందుకే ఇందులో కొన్ని మార్చాను. వరసలు మార్చాను, వయసులు మార్చాను. నక్షత్రాన్ని మాత్రం మార్చలేదు. పెద్దారవీడులో అలాంటి ఇల్లు ఒక్కటే అయితే అసలు రాసేదాన్ని కాదు.